శ్రీకాకుళంలో వాతావరణ నిధుల శిక్షణ: ఒక సమీక్ష

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల అధికారులు, సిబ్బంది కోసం ఇటీవల శ్రీకాకుళం పట్టణంలో ఒక ప్రైవేటు కన్సల్టెన్సీ సంస్థ వాతావరణ నిధుల సమీకరణపై శిక్షణ నిర్వహించింది. తుపానులు, వరదలు, కరవు, సముద్రపు కోత వంటి వాటిని తట్టుకునే పనులకు దేశంలోనూ బయటా ఉన్న నిధులను గుర్తించడం, వాటికి ప్రతిపాదనలు తయారుచేయడం, వచ్చిన డబ్బుకు లెక్క చెప్పడం ఎలాగో జిల్లా యంత్రాంగానికి నేర్పుతామని ఆ సంస్థ ముందుగా పంపిన కరపత్రంలో రాసింది. ప్రణాళికా విభాగంలో చాలా ఏళ్లు పనిచేసి ఉద్యోగ విరమణ చేశాను. ప్రస్తుతం శ్రీకాకుళం జిల్లా తీరాన కొబ్బరి, జీడి తోటల ప్రాంతమైన ఉద్దానంలోని ఒక జీడి రైతుల సంఘానికి లెక్కలు, దరఖాస్తుల పనిలో సాయపడుతున్నాను. బయటివారికి కూడా రుసుము మీద ప్రవేశం ఉండటంతో ఆ సంఘం తరఫున మొదటి నుంచి చివరి వరకు హాజరయ్యాను. సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. వచ్చే ఏడాది ఇదే పనికి మరొకరు రావచ్చు కాబట్టి, ఇలాంటి సేవను కొనే శాఖలు, సంఘాలు దాన్ని ఎలా పరీక్షించి తీసుకోవాలో చెప్పడమే నా ఉద్దేశం.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ప్రతిపాదన రాయించిన భాగం చాలా బాగుంది. నా ఉద్యోగకాలంలో ఇంత ఉపయోగకరమైన తరగతి నాకు తటస్థపడలేదు. ప్రపంచంలో నిధులు ఎక్కడెక్కడ ఉన్నాయో వివరించిన భాగంలో చెప్పినవన్నీ సరైనవే గాని, జిల్లా కార్యాలయం నుంచి అక్కడికి దారి ఎటు అన్నది స్పష్టం కాలేదు. నేర్చుకున్నది కార్యాలయంలో నిలబడేలా చూసే ఏర్పాటు మాత్రం అసలే లేదు. నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద లోపం అదే, ఎందుకంటే ఒక అధికారి ఒక్కరే నేర్చుకున్న విద్య ఆయన బదిలీ ఉత్తర్వుతో పాటే జిల్లా దాటి వెళ్లిపోతుంది.

ఈ సేవ మనకెందుకు అవసరమో ఇక్కడివారికి వివరించనక్కరలేదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను ఒడిశాలోని గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నాన్ని తాకి పక్కనున్న మన రెండు జిల్లాలనూ కుదిపింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస సమీపంలో తీరం దాటి ఉద్దానం కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చింది. ఆ వెంటనే వంశధార, మహేంద్రతనయ పొంగి వరద ముంచెత్తింది. 2021 సెప్టెంబరు 26న గులాబ్ కళింగపట్నానికి ఉత్తరాన తీరం దాటింది. ప్రతిసారీ కార్యాలయాల్లో జరిగే పని ఒకే తీరుగా ఉంటుంది: నష్టం అంచనాలు, పరిహారం జాబితాలు, మరమ్మతుల ఎస్టిమేట్లు. హుద్‌హుద్ తరువాత 2015లో ప్రపంచ బ్యాంకు మంజూరు చేసిన 25 కోట్ల డాలర్ల పునరుద్ధరణ రుణం కూడా ప్రధానంగా నష్టం జరిగాక వచ్చిన డబ్బే. నష్టం జరగకముందే, తట్టుకునే పనులకు డబ్బు అడగాలంటే వేరే రకమైన కాగితం రాయాలి, వేరే రకమైన ఆధారాలు చూపాలి. అటువంటి కాగితం రాయగలిగినవారు జిల్లా కార్యాలయాల్లో వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మందే ఉంటారు.

శిక్షణ అంతర్జాతీయ ఒప్పందాలతో మొదలైంది. 2009లో కోపెన్‌హాగన్ వాతావరణ సదస్సులో సంపన్న దేశాలు వర్ధమాన దేశాలకు 2020 నాటికి ఏటా 10,000 కోట్ల డాలర్లు సమకూరుస్తామన్న మాట, ఆ మొత్తం తొలిసారి 2022లో గాని అందలేదని ఆ దేశాల ఆర్థిక సహకార సంస్థే (ఓఈసీడీ) వెల్లడించిన లెక్క, 2024 నవంబరులో బాకూ వాతావరణ సదస్సులో 2035 నాటికి ఏటా 30,000 కోట్ల డాలర్లు అని కొత్తగా పెట్టుకున్న లక్ష్యం, అది ఏమాత్రం చాలదని భారతదేశం అక్కడే తెలిపిన అభ్యంతరం, ఇవన్నీ పద్ధతిగా చెప్పారు. ఈ భాగాన్ని ఇంకా కుదించి ఉండవలసింది. ఒక మండల పరిషత్తు అభివృద్ధి అధికారికి బాకూ సంగతులు తెలియడం మంచిదే గాని, ఆయన బల్ల మీదికి వచ్చే ఫైలులో వాటి ప్రస్తావన రాదు.

దాని తరువాత, వర్ధమాన దేశాల వాతావరణ పనులకు డబ్బిచ్చే అంతర్జాతీయ నిధి అయిన గ్రీన్ క్లైమేట్ ఫండ్ గురించి చెప్పిన భాగం మీద ఎక్కువ సమయం వెచ్చించారు, అది న్యాయమే. 2010లో కాన్‌కూన్‌లో ఏర్పడి, దక్షిణ కొరియాలోని సాంగ్డో కేంద్రంగా పనిచేసే ఈ నిధి నుంచి ఏ జిల్లా గాని, ఏ రాష్ట్రం గాని నేరుగా డబ్బు అడిగే వీలు లేదు. గుర్తింపు పొందిన సంస్థ ద్వారానే ప్రతిపాదన వెళ్లాలి. మన దేశంలో నాబార్డు (వ్యవసాయ, గ్రామీణాభివృద్ధి బ్యాంకు), సిడ్బీ (చిన్న పరిశ్రమల అభివృద్ధి బ్యాంకు) వంటివాటికి ఆ గుర్తింపు ఉంది. కేంద్ర పర్యావరణ, అటవీ, వాతావరణ మార్పు మంత్రిత్వ శాఖ తమకు అభ్యంతరం లేదని లేఖ ఇవ్వాలి. ఆ తరువాత ఫండ్ సచివాలయం, స్వతంత్ర సాంకేతిక నిపుణుల సంఘం పరిశీలించి, అభివృద్ధి చెందిన దేశాల నుంచి 12 మంది, అభివృద్ధి చెందుతున్న దేశాల నుంచి 12 మంది సభ్యులుండే బోర్డు ముందు పెడతాయి. ఈ మెట్లన్నీ ఎక్కిన ప్రతిపాదనలు మన చుట్టుపక్కలే ఉన్నాయని చెప్పడం తరగతిలో కొత్త ఉత్సాహం తెచ్చింది. ఒడిశాలో భూగర్భ జలాల పునరుద్ధరణ, సౌర సూక్ష్మ సేద్యం కోసం నాబార్డు ద్వారా వెళ్లిన ప్రతిపాదనకు 2017లో 3.4 కోట్ల డాలర్లు మంజూరయ్యాయి. ఆంధ్రప్రదేశ్, ఒడిశా, మహారాష్ట్ర తీర ప్రాంత ప్రజల కోసం ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం ద్వారా వెళ్లినదానికి 2018లో 4.34 కోట్ల డాలర్ల గ్రాంటు వచ్చింది.

అంతవరకూ బాగుంది. అయితే ఒక ముఖ్యమైన విషయాన్ని బోధకులు దాదాపు దాటవేశారు. ఆ ఫండ్ తన డబ్బులో సగం తట్టుకునే పనులకు కేటాయించాలన్న నియమం పెట్టుకుంది. ఆ సగంలో కనీసం సగం అత్యంత వెనుకబడిన దేశాలకు, చిన్న ద్వీప దేశాలకు, ఆఫ్రికా దేశాలకు దక్కాలి. భారతదేశం ఈ మూడింటిలో దేనికీ చెందదు. కాబట్టి మనకు మిగిలేది గట్టి పోటీ ఉన్న భాగం. ఈ మాట తరగతిలో సూటిగా చెప్పి ఉంటే, తీర గ్రామాల నుంచి వచ్చిన పంచాయతీ కార్యదర్శులు సాంగ్డో నుంచి డబ్బు వస్తుందని ఆశపడి ఇళ్లకు వెళ్లేవారు కాదు. పెద్ద నిధి పేరు చెప్పి ఆశ కల్పించడం సులువు. మన చేతికి అందేదేదో చెప్పడమే కష్టమైన పని, రుసుము తీసుకున్నందుకు చేయవలసిన పని కూడా అదే.

చేతికి అందేవాటి జాబితా నిజానికి చిన్నదేమీ కాదు. 15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి రాష్ట్రాల విపత్తు నిధిలో 20 శాతాన్ని విపత్తు ఉపశమన నిధిగా వేరుచేసింది. దేశం మొత్తానికి అది 32,031 కోట్ల రూపాయలు. అందులో మనవంటి రాష్ట్రాలకు కేంద్రం వాటా 75 శాతం, రాష్ట్రం వాటా 25 శాతం. విపత్తు వచ్చాక ఇచ్చే సాయానికి కాకుండా, రాకముందు చేసే పనులకే ఈ డబ్బు ఉద్దేశించారు. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టంలోని 48వ సెక్షన్ జిల్లా స్థాయిలో కూడా ఉపశమన నిధి ఉండాలంటోంది. నాబార్డు గ్రామీణ మౌలిక వసతుల నిధి ఉంది, ఉపాధి హామీ పనులున్నాయి. తట్టుకునే పనులకు సాయం చేసే మరో అంతర్జాతీయ నిధి అడాప్టేషన్ ఫండ్ డబ్బుతో కృష్ణా జిల్లా తీరంలో మడ అడవుల పెంపకాన్ని ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ చేపట్టింది. దానికి మంజూరైన మొత్తం ఏడు లక్షల డాలర్లకు లోపే. చిన్న మొత్తాలతో, స్థానిక సంస్థలతో జరిగే పనికి అది చక్కటి ఉదాహరణ. వీటన్నిటినీ కలిపి ఒక్క పూటలో పరుగులు పెట్టించారు. నా సలహా అడిగితే, బాకూ, కోపెన్‌హాగన్‌లకు ఇచ్చిన సమయాన్ని వీటికి ఇచ్చి ఉండవలసిందని చెబుతాను.

ఇక శిక్షణలో మేలిమి భాగానికి వస్తాను. హాజరైనవారిని చిన్న బృందాలుగా కూర్చోబెట్టి, తమ ప్రాంతంలోని నిజమైన పని ఒకటి తీసుకుని ఒక పేజీ ప్రతిపాదన రాయమన్నారు. మా బృందంలో విజయనగరం జిల్లా నుంచి వచ్చిన పంచాయతీరాజ్ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) ఒకరు, ఒక సహాయ గణాంక అధికారి, ఇద్దరు పంచాయతీ కార్యదర్శులు ఉన్నారు. ఏఈ గారు తమ మండలంలో ఒక గెడ్డ (వాగు) మీద కట్టవలసిన కల్వర్టును ఎంచుకున్నారు. మొదటి వాక్యం మనందరికీ అలవాటైనదే: వర్షాకాలంలో రాకపోకలు స్తంభించి ప్రజలు తీవ్ర ఇబ్బందులు పడుచున్నారు. బోధకురాలు దాని కింద గీత గీసి, ఏ ఏడాది, ఏ నెలలో, ఎన్ని రోజులు, ఎంతమంది, ఎవరు నమోదు చేశారు అని ప్రశ్నలు రాసి తిరిగి ఇచ్చారు. ఏఈ గారు కొంచెం నొచ్చుకున్నారు. "మేడమ్, అందరికీ తెలిసిన విషయమే కదండీ, మళ్లీ ఋజువెందుకు?" అన్నారు. ఆమె శాంతంగా, "ఇక్కడున్న మీకు తెలుసు సార్. ఈ కాగితం చదివి డబ్బివ్వవలసిన మనిషి మీ గెడ్డని ఎన్నడూ చూడరు" అన్నారు.

అప్పుడు మొదలైంది అసలు పని. గణాంక అధికారి ఫోనులో తమ కార్యాలయానికి చెప్పి మండల వర్షమాపకం రికార్డులు తెప్పించారు. ఒక కార్యదర్శి తమ ఊరి బడి హాజరు పట్టీలో రోడ్డు తెగిన రోజులు కనిపిస్తాయని గుర్తుచేశారు. గర్భిణులను చుట్టుదారిలో తీసుకెళ్లిన సందర్భాలు ఆశా కార్యకర్తల దగ్గర రాసి ఉంటాయని మరొకరు చెప్పారు. అంతకాలం ఎవరి దస్త్రం వారి బీరువాలో ఉన్న ఆధారాలు ఒక్క గంటలో ఒకే కాగితం మీదికి వచ్చాయి. ప్రభుత్వంలో సమాచారం లేకపోవడం కన్నా, ఉన్న సమాచారం ఒకచోట చేరకపోవడమే పెద్ద సమస్య అని నేను చాలాకాలంగా నమ్ముతున్నాను. ఆ గంటలో అది కళ్లెదుట కనిపించింది.

రెండో మెట్టు ఇంకా విలువైనది. కల్వర్టు ఎస్టిమేటును రెండుగా విడదీయమన్నారు. ఉదాహరణ కోసం అనుకున్న అంకెలు ఇవి: ఇప్పటి పద్ధతిలో, ఇప్పటి రేట్ల ప్రకారం కడితే 40 లక్షల రూపాయలు. గత కొన్నేళ్లలో ఒకే రోజు కుండపోతగా కురిసిన వానలను లెక్కలోకి తీసుకుని, గరిష్ఠ ప్రవాహాన్ని సవరించి, నీరు పోయే వెంట్లు పెంచి, రెండు పక్కలా గట్టుకు రాతి కట్టుబడి వేస్తే 52 లక్షలు. మొదటి 40 లక్షలు ఎప్పుడైనా ప్రభుత్వం ఖర్చు చేయవలసిన మామూలు అభివృద్ధి పని. పైన పడిన 12 లక్షలు మారుతున్న వాతావరణం వల్ల వచ్చిన అదనం. గ్రీన్ క్లైమేట్ ఫండ్ వంటి చోట్ల మొదటి నుంచీ అడిగేది ఈ అదనం లెక్కనే. మన కార్యాలయాల్లో ఎస్టిమేటు ఎప్పుడూ ఒకే మొత్తంగా తయారవుతుంది. ఈ తేడాను విడిగా చూపే గడి ఆ ఫారంలో లేదు. గడి లేకపోతే అంకె పుట్టదు, అంకె లేకపోతే అడగడానికి ఏమీ ఉండదు. ఏఈ గారు ఆ పేజీని మడిచి జేబులో పెట్టుకుంటూ, తమ డివిజన్‌లో పెండింగులో ఉన్న ఎస్టిమేట్లన్నిటికీ ఈ రెండో నిలువు వరుస చేర్చి చూస్తానన్నారు. ఈ ఒక్క అభ్యాసానికే రుసుము గిట్టుబాటయిందని నిస్సందేహంగా చెప్పగలను.

మరో బృందం తిత్లీకి పడిపోయిన జీడి తోటల స్థానంలో కొత్త మొక్కలు వేసే పని తీసుకుంది. వజ్రపుకొత్తూరు మండలం నుంచి ఆహ్వానం మీద వచ్చిన ఒక పెద్ద రైతు వారి పక్కన కూర్చున్నారు. ప్రతిపాదనలో మొక్కల ధర, గోతుల కూలి, ఎరువు, మూడేళ్ల నీటి ఖర్చు అన్నీ పొందికగా రాశారు. చదివి వినిపించాక ఆయన అడిగిన మాటలను నేను అక్కడికక్కడే రాసుకున్నాను: "సెట్టు పడిపోతే మళ్లీ మొక్క యేసుకుంటాం బాబూ. మొక్కకి డబ్బులిస్తామంతారు. అది కాపుకొచ్చేదాకా మేమేటి తినాల? దానికేటైనా రాసినారా మీ కాయితంలో?" జీడి గాని, కొబ్బరి గాని నిండు కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. ఆ మధ్యకాలంలో కుటుంబం వలస పోతే నీళ్లు పోసేవారు లేక మొక్క చస్తుంది, నిధి ఖర్చయినట్టు మాత్రం పుస్తకంలో ఉంటుంది. బోధకులు ఆ ప్రశ్నను పక్కన పెట్టకుండా, అంతర పంటల ఖర్చును, ఉపాధి హామీ కింద మొక్కల సంరక్షణ కూలిని ప్రతిపాదనలో ఎలా చేర్చాలో అప్పటికప్పుడు చేసి చూపించారు. గ్రీన్ క్లైమేట్ ఫండ్ ప్రతిపాదనలను తూచే ఆరు ప్రమాణాల్లో లబ్ధిదారుల అవసరం ఒకటి. దాన్ని బోర్డు మీద రాసినప్పటి కన్నా ఆ పెద్దాయన అడిగినప్పుడే అందరికీ అర్థమైంది. ఇలాంటి శిక్షణల్లో రైతును అతిథిగా వేదిక మీద కూర్చోబెట్టి శాలువా కప్పి పంపడం రివాజు. ఇక్కడ ఆయనను బల్ల దగ్గర కూర్చోబెట్టి కాగితం చూపించారు. నిర్వాహకులను ఇందుకు మనసారా అభినందిస్తున్నాను.

బడ్జెట్లో వాతావరణ ఖర్చును గుర్తించే పద్ధతిపై జరిగిన తరగతి కూడా చెప్పుకోదగినదే. నేపాల్ 2012–13 నుంచి తన బడ్జెట్లోని ప్రతి కార్యక్రమానికి వాతావరణంతో ఉన్న సంబంధాన్ని బట్టి సంకేతం కేటాయిస్తోంది. ఇచ్ఛాపురం దాటితే వచ్చే ఒడిశా 2020–21 నుంచి వాతావరణ బడ్జెట్ పత్రాన్ని ప్రచురించడం మొదలుపెట్టింది. కెన్యాలో మకుయేని కౌంటీ తన అభివృద్ధి బడ్జెట్లో ఒక శాతాన్ని వాతావరణ నిధికి కేటాయించేలా 2015లో నిబంధన చేసుకుంది. ఏ పనికి ఖర్చు చేయాలో వార్డు స్థాయి కమిటీలు సూచిస్తాయి. కెన్యా ప్రభుత్వం ఆ పద్ధతిని దేశమంతటా విస్తరించడానికి 2021లో ప్రపంచ బ్యాంకు 15 కోట్ల డాలర్లు ఇచ్చింది. ఇందులో మనం గమనించవలసింది వరుసక్రమం. ముందు స్థానిక ప్రభుత్వం తన సొంత డబ్బు పక్కన పెట్టింది, కమిటీలు వేసింది, లెక్కలు రాసింది. బయటి డబ్బు ఆ తరువాత వచ్చింది. మన జిల్లా పరిషత్తులు, పట్టణ స్థానిక సంస్థలు ముందుగా డబ్బు రావాలి, ఆ తరువాత వ్యవస్థ ఏర్పాటు చేసుకుందాం అన్న ధోరణిలో ఉన్నాయి. ఈ తరగతి తీసుకున్న అధ్యాపకుడు ఆ సంగతి గట్టిగా చెప్పారు, మర్యాద తప్పకుండా చెప్పారు.

పట్టణాల అప్పు పత్రాల (బాండ్ల) గురించి కొద్దిగా మాత్రమే మాట్లాడారు. 2018లో విశాఖపట్నం నగరపాలక సంస్థ 80 కోట్ల రూపాయల బాండ్లు జారీచేసిన సంగతి, 2023లో ఇండోర్ నగరపాలక సంస్థ సౌర విద్యుత్ కేంద్రం కోసం 244 కోట్ల రూపాయల హరిత బాండ్లు అమ్మిన సంగతి చెప్పి, అందుకు ఆడిట్ అయిన ఖాతాలు, క్రెడిట్ రేటింగు ఉండాలన్నారు. శ్రీకాకుళం, విజయనగరం నగరపాలక సంస్థలకు ఇది ఇప్పట్లో అందే మార్గమని నేను అనుకోను గనుక ఈ క్లుప్తతపై నాకు ఫిర్యాదు లేదు.

ఫిర్యాదు ఉన్నది వేరే చోట. శిక్షణకు ఇంజినీర్లను, వ్యవసాయ, ఉద్యాన శాఖల వారిని, పంచాయతీ కార్యదర్శులను పిలిచారు. ట్రెజరీ నుంచి గాని, శాఖల అకౌంట్స్ సెక్షన్ల నుంచి గాని నాకు ఒక్కరూ కనిపించలేదు. నిధి తేవడం సగం పని. వచ్చిన డబ్బు ఏ పద్దులో జమ అవుతుంది, ఎవరి సంతకంతో డ్రా అవుతుంది, ఆర్థిక సంవత్సరం ముగిసేసరికి ఖర్చు కాని మొత్తం మురిగిపోకుండా ఎలా కాపాడుకోవాలి, డబ్బు దేనికి ఖర్చయిందో చూపే వినియోగ ధ్రువపత్రం ఎన్నాళ్లలో పంపాలి అన్న ప్రశ్నలకు సమాధానం చెప్పేది సూపరింటెండెంట్లు, సీనియర్ అసిస్టెంట్లే. నా ఉద్యోగకాలంలో వినియోగ ధ్రువపత్రం వెళ్లక రెండో వాయిదా ఆగిపోయిన పథకాలను చాలా చూశాను. పని పూర్తయింది, ఫోటోలున్నాయి, కొలతల పుస్తకం ఉంది, కానీ ఒక పత్రం వేళకు తయారుకాలేదు. దాత సంస్థల దృష్టిలో అలాంటి జిల్లా నమ్మదగని జిల్లా. సామర్థ్యం పెంచడం అన్న పేరుతో జరిగే కార్యక్రమంలో ఈ ఉద్యోగులకు కుర్చీ లేకపోవడం నన్ను బాధించింది. వారు ఆంగ్లంలో అనర్గళంగా మాట్లాడకపోవచ్చు, తరగతిలో వెనుక వరుసలో కూర్చోవచ్చు, కానీ ఫైలు వారి చేతుల మీదుగానే కదులుతుంది.

రెండో ఫిర్యాదు బదిలీల గురించి. హాజరైన అధికారుల్లో కొందరు ఇప్పటికే ఒకే స్థానంలో మూడేళ్లకు పైగా ఉన్నవారు. రేపో మాపో కదిలేవారు. వారు నేర్చుకున్నది తరువాత వచ్చేవారికి చేరే మార్గం శిక్షణలో లేదు. ప్రతి కార్యాలయంలోనూ ఒక రిజిస్టరు తెరిచి, ఏయే పనులకు ఆధారాలు సేకరించారో, ఏ ప్రతిపాదన ఏ దశలో ఉందో, ఎవరితో ఉత్తరప్రత్యుత్తరాలు జరిగాయో అందులో రాసి, బాధ్యతల అప్పగింత పత్రంలో దాన్ని ఒక అంశంగా చేర్చమని సూచించి ఉంటే ఖర్చు లేకుండా సగం సమస్య తీరేది. ఈ మాట నేను చివరి పూట లేచి చెప్పాను. నిర్వాహకులు రాసుకున్నారు. శిక్షణ తరువాత సందేహాలకు సమాధానం ఇస్తామని ఒక వాట్సాప్ గ్రూపు పెట్టారు. మొదట్లో చురుగ్గా ఉన్న ఆ గ్రూపులో ఇప్పుడు పండుగ శుభాకాంక్షలే వస్తున్నాయి. ఏఈ గారి కల్వర్టు ప్రతిపాదనలో వర్షపాతం లెక్కను సరిచూడమని అందులో అడిగితే, ఈ సమీక్ష రాసే నాటికి జవాబు రాలేదు.

ఇచ్చిన పుస్తకం మొత్తం ఆంగ్లంలో ఉంది. బోధన తెలుగులోనే సాగింది, అదీ మంచి తెలుగులో. మరి అదే బోధకులు ముఖ్యమైన ఇరవై పేజీలనైనా తెలుగులో అచ్చువేయించి ఇవ్వగలిగేవారే. ఉద్దానంలో మహిళా సంఘాల లెక్కలు చక్కగా రాసే పుస్తక నిర్వాహకులున్నారు. తెలుగు ప్రతి ఉంటే వారు కూడా ప్రతిపాదనకు కావలసిన సమాచారం సేకరించగలరు. హాలు, భోజనం, వేళాపాలన అన్నీ బాగున్నాయి. రుసుము ప్రభుత్వ శాఖలకు భారం కాదు; చిన్న రైతు సంఘాలకు మాత్రం ఎక్కువే, వారికి సగం రాయితీ ఇవ్వాలి.

ఈ శిక్షణకు ఎవరిని పంపాలని ఎవరైనా అడిగితే, ఒక శాఖ నుంచి ఒక ఇంజినీరును లేదా సాంకేతిక అధికారిని, అదే శాఖ అకౌంట్స్ సెక్షన్ నుంచి ఒకరిని జంటగా పంపమంటాను. జంటగా పంపలేకపోతే ఆ ఏడాదికి ఆగమంటాను. తమ మండలంలోని పెండింగు ఎస్టిమేటు ఒకటి, కనీసం పదేళ్ల వర్షపాతం రికార్డు వెంట తీసుకువెళ్లాలి, లేకపోతే అభ్యాసం ఊహాజనితమైన అంకెలతోనే ముగుస్తుంది. ఇలాంటి సేవ కొనే శాఖలు ఒప్పందంలో మరో షరతు రాసుకోవాలి: చెల్లింపులో చివరి వాయిదా శిక్షణ ముగిసిన రోజున ఇవ్వకూడదు. తరగతిలో రాసిన ప్రతిపాదనల్లో కనీసం ఒకటి పూర్తి స్థాయికి చేరి, కలెక్టరు గారి సంతకంతో నాబార్డు జిల్లా అభివృద్ధి మేనేజరుకు గాని, రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థకు గాని అందినట్టు రసీదు చూపిన తరువాతే ఆ వాయిదా విడుదల చేయాలి. ఈ షరతుకు ఒప్పుకునే సంస్థ అయితే, పైన చెప్పిన లోపాలన్నీ ఉన్నా, నేను మా సంఘం తరఫున మళ్లీ ఇద్దరిని పంపుతాను.